300 ఓమ్‌ల బూచి

జర్మనీలోని ఆఖెన్‌లో ఎంఎస్ చదువుతున్న విజయవాడ కుర్రాడు ఒకడు పార్ట్‌టైం జీతంలో నెలనెలా కాస్త దాచి సెన్‌హైజర్ హెచ్‌డీ 600 కొన్నాడు. 300 యూరోల చుట్టుపక్కల వస్తువు. కొట్టువాడు పెట్టె చేతికిచ్చి ఊరుకోలేదు. ‘ఇది 300 ఓమ్‌లది, ల్యాప్‌టాప్‌కి తగిలిస్తే దీని గొంతే లేవదు’ అని బెదరగొట్టి, 700 యూరోల ఆంప్లిఫయరూ 250 యూరోల కేబులూ ముందు పెట్టాడు. కుర్రాడు రెండూ వాయిదాల మీద తీసుకున్నాడు. అసలు కన్నా వడ్డీ ముద్దంటే ఇదే. జర్మనీకి చదువుకు వచ్చేవాడు ఏడాది ఖర్చుల కింద బ్లాక్డ్ అకౌంటులో చూపించాల్సింది 11,904 యూరోలు, అంటే నెలకు 992. దాదాపు ఒక నెల అద్దె, బియ్యం, బస్సు, ఫోను అన్నీ కలిసి ఆ ఒక్క మాటకు ఆవిరైపోయాయి.

ఈ వారం ఈ శీర్షికకు ఒళ్లు మండించింది ఆ మాటే. అందులో సగం నిజముంది. అమ్ముకోవడానికి ఆ సగం చాలు.

లెక్క చూస్తే సంగతి తేలిపోతుంది. హెచ్‌డీ 600కి తోబుట్టువైన హెచ్‌డీ 650 వివరాల కాగితంలో సెన్‌హైజరే రాసింది: ఒక వోల్టు ఇస్తే 103 డెసిబెళ్లు మోగుతుంది. 300 ఓమ్‌ల మీద ఒక వోల్టంటే వాట్లో మూడువందలో వంతు కరెంటు ఖర్చు. 600 ఆ తమ్ముడికన్నా కాస్త మొండిదే కానీ తేడా స్వల్పం. 100 డెసిబెళ్ల మోతను రోజుకు పావుగంటకు మించి వినొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఎప్పుడో చెప్పింది. ఇక ఫోనుకు తగిలించే యాపిల్ బుల్లి అడాప్టరు సంగతి. అమెరికాలో అమ్మేది ఒక వోల్టు ఇస్తుంది. చెవుల రక్షణ నిబంధనల పుణ్యమా అని యూరప్‌లో అమ్మేది అందులో సగమే ఇస్తుంది. వోల్టేజీ సగమైతే తగ్గేది ఆరు డెసిబెళ్లు. అయినా 97 దగ్గర నిలబడుతుంది. నిశ్శబ్దానికీ హోరుకూ మధ్య పెద్ద అగాధం ఉండే పాశ్చాత్య సింఫనీలు వినేవాళ్లకు ఇంకొంచెం కావాలనిపిస్తే అనిపించవచ్చు. సినిమా పాటలు వినేవాడికి ఆ ఇబ్బంది లేదు. మన పాటల మాస్టరింగులో నిశ్శబ్దానికి చోటెక్కడిది?

అసలు ఓమ్‌ల అంకెను, అంటే కరెంటుకు హెడ్‌ఫోను ఎంత అడ్డుపడుతుందో చెప్పే ఇంపిడెన్సును, చూపించి భయపెట్టడమే తప్పు. చూడాల్సింది సెన్సిటివిటీ. ఆ హెడ్‌ఫోను ఎంత ఇస్తే ఎంత మోగుతుందన్నది అదే చెబుతుంది. చైనాకు చెందిన హైఫైమ్యాన్ హెచ్‌ఈ-6 కేవలం 50 ఓమ్‌లది. కాగితం మీద సాధువు. కానీ ఒక మిల్లీవాటుకు అది మోగేది 83.5 డెసిబెళ్లే. హెచ్‌డీ 650 మూడు మిల్లీవాట్ల పైచిలుకుతో చేరే చోటికి చేరాలంటే దానికి 90 మిల్లీవాట్ల దాకా తాగించాలి. నిజంగా ఆంప్లిఫయరు అవసరమైన జాతి అది. కొట్టులో ఆ రెండో అంకెను చదివి వినిపించిన వాళ్లు అరుదు.

ఇంతకీ ఈ పెద్ద ఓమ్‌లు ఎక్కణ్నుంచి వచ్చాయి? స్టూడియోల్లోంచి. ఒక్క ఆంప్లిఫయరు నుంచే పదిమంది వాద్యగాళ్లకు హెడ్‌ఫోన్లు పంచాలంటే ఒక్కొక్కటీ తక్కువ కరెంటు లాగాలి. అందుకే ఎక్కువ ఓమ్‌లు. సన్నటి తీగ చుడితే కాయిల్ కూడా తేలికవుతుంది. బైయర్‌డైనమిక్ డీటీ 880ని 32, 250, 600 ఓమ్‌ల మూడు రూపాల్లో అమ్మింది ఎవరికి ఏది పనికొస్తే అది తీసుకుంటారని. 600 ఎక్కువ గొప్పదని కాదు. 1924లో ఒయ్‌గెన్ బైయర్ బెర్లిన్‌లో పెట్టిన కంపెనీ అది. 1937లో డీటీ 48 పేరుతో డైనమిక్ హెడ్‌ఫోన్లకు శ్రీకారం చుట్టింది. యుద్ధం తరవాత హైల్‌బ్రాన్‌లో స్థిరపడింది. ఆ డీటీ 48 ఈ శతాబ్దం వచ్చాక కూడా కొన్నేళ్లు తయారైంది. అది రేడియో కేంద్రాల్లో, ప్రయోగశాలల్లో పనిముట్టు. దాన్ని అద్దాల బీరువాలో పెట్టి చూసుకున్నవాడు లేడు.

సెన్‌హైజర్ కథా అంతే. 1945లో ఫ్రిట్స్ సెన్‌హైజర్ హనోవర్‌కి ఉత్తరాన వెన్నెబోస్టెల్ అనే పల్లెలో పెట్టిన ‘లాబరటోరియం వెన్నెబోస్టెల్’ మొదట తయారుచేసింది వోల్టుమీటరు. 1968లో వచ్చిన హెచ్‌డీ 414, పసుపుపచ్చ స్పాంజి చుట్టుకున్న ఆ తేలికపాటి హెడ్‌ఫోను, కోటికి పైగా అమ్ముడుపోయింది. దాని ఇంపిడెన్సు ఎంతో తెలుసా? 2,000 ఓమ్‌లు! ఆ కోటిమంది దాన్ని ఇంట్లో ఉన్న ఆంప్లిఫయరుకో టేప్‌రికార్డరుకో తగిలించి పాటలు విన్నారు. హెడ్‌ఫోనుకని విడిగా ఇంకో పెట్టె కొనాలన్న ఆలోచన వాళ్లకు తట్టనే లేదు. మన కొట్టువాడి సూత్రం ప్రకారం 1968 నాటి జర్మనులంతా మూగ హెడ్‌ఫోన్లు పెట్టుకుని తల ఊపి ఉండాలి.

ఆంప్లిఫయరు లేకపోతే నిజంగానే పని జరగనివి ఒక కోవ ఉన్నాయి. అవి ఎలక్ట్రోస్టాటిక్ హెడ్‌ఫోన్లు. పల్చని పొర కదలాలంటే వందల వోల్టులు కావాలి. అవి మామూలు సాకెట్టులోంచి రావు. 1991లో సెన్‌హైజర్ 300 మాత్రమే చేసిన ఆర్ఫియస్ అలాంటిదే. 2015లో దాని వారసురాలు హెచ్‌ఈ 1ని బయటపెట్టారు. అప్పటి ధర 50,000 యూరోల అంచు. ఇటలీ కరారా పాలరాయి పెట్టె, ఆన్ చేయగానే పైకి లేచే ఎనిమిది వాల్వులు. ఇంజినీరింగు గొప్పదే, కాదనలేం. కానీ పాలరాయికీ పాటకీ ఏం చుట్టరికం? ఆ డబ్బుతో మన ఆఖెన్ కుర్రాడు బ్లాక్డ్ అకౌంటు లెక్కన నాలుగేళ్లకు పైగా బతుకుతాడు. పైగా సెన్‌హైజర్ కుటుంబమే హెడ్‌ఫోన్ల వ్యాపారాన్ని 2022లో స్విట్జర్లాండ్‌కు చెందిన సోనోవాకు అమ్మేసింది. సోనోవా అసలు వ్యాపారం వినికిడి యంత్రాలు. చెవికి ముందు మోత అమ్మి తరవాత మందు అమ్మే ఏర్పాటు ఇంతకన్నా చక్కగా కుదరదు. శతాబ్దం దాటిన బైయర్‌డైనమిక్‌ను 2025లో చైనా కంపెనీ కోసోనిక్ 122 మిలియన్ యూరోలకు కొనుక్కుంటున్నట్టు ప్రకటించింది.

ఇదంతా చదివి ఆంప్లిఫయర్లన్నీ దండగ అనుకోవద్దు. కాన్‌స్టాన్స్‌లో వయోలెక్ట్రిక్, మ్యూనిక్ దగ్గరి హైమ్‌హౌజెన్‌లో ఆర్‌ఎంఈ, డచ్చి సరిహద్దు దగ్గర నీడర్‌క్రుష్టెన్‌లో ఎస్‌పీఎల్ చేసేవి ఏళ్ల తరబడి పనిచేసే గట్టి సరుకు. అయితే వాటిని కొనాల్సింది ‘గొంతు లేవడం’ కోసం కాదు. ఆర్‌ఎంఈ ఏడీఐ-2 డ్యాక్‌లో ఈక్వలైజరు ఉంది. హెడ్‌ఫోను ఎక్కడ గీపెడుతుందో అక్కడ రెండు డెసిబెళ్లు తగ్గించుకోవచ్చు. ఎస్‌పీఎల్ ఫోనిటర్‌లో కుడి చెవి ధ్వనిని కొంత ఎడమ చెవికీ ఎడమది కొంత కుడికీ అందించే ఏర్పాటు ఉంది, గదిలో స్పీకర్లు వింటున్నట్టు. ఇళయరాజా 1980ల పాటల్లో వయొలిన్లు ఒక చెవిలో, గిటారు మరో చెవిలో మోగేవి ఎన్నో. వాటిని హెడ్‌ఫోనులో గంటసేపు విని తలనొప్పి తెచ్చుకున్నవాళ్లకు ఆ మీట విలువ తెలుస్తుంది. మరో సంగతి: ఆంప్లిఫయరు సొంత అవుట్‌పుట్ ఇంపిడెన్సు. బైయర్‌డైనమిక్ ఏ20ది 100 ఓమ్‌లు. హెచ్‌డీ 650 ఇంపిడెన్సు మంద్రస్థాయిలో 500 ఓమ్‌ల దాకా ఎక్కుతుంది కాబట్టి, రెండూ కలిపితే బేస్ ఒక డెసిబెల్ మేర ఉబ్బుతుంది. ‘ఈ ఆంప్‌తో మృదంగం ఎంత నిండుగా ఉందో’ అని మురిసిపోయేవాళ్లు చాలాసార్లు మురిసేది ఈ డెసిబెల్‌ను చూసే. అది కావాలంటే ఈక్వలైజరులో ఉచితంగా దొరుకుతుంది.

కేబులు గురించి ఎక్కువ రాయడం సిరా దండగ. మూడు మీటర్ల రాగితీగ రెసిస్టెన్సు ఒక ఓమ్ అనుకుందాం. 300 ఓమ్‌ల ముందు దానివల్ల వచ్చే నష్టం 0.03 డెసిబెల్. అది గబ్బిలానికి కూడా తెలియదు. 250 యూరోల కేబులు 20 యూరోల కేబులు కన్నా మెరుగ్గా చేసే పని అల్లిక అందంగా కనిపించడం. అసలు శ్రద్ధ పెట్టాల్సిన అనుబంధం ఇయర్‌ప్యాడ్లు. చెమటకూ ఒత్తిడికీ అవి అణిగిపోతాయి. చెవికీ డ్రైవరుకూ మధ్య దూరం తగ్గుతుంది. ధ్వని కళ్లెదుటే, కాదు, చెవుల ఎదుటే మారిపోతుంది. హెచ్‌డీ 600లో ప్యాడ్లు, కేబులు, తలపట్టీ అన్నీ చేత్తో ఊడదీసి మార్చుకునే వీలుంది. 1997 నుంచి ఆ మోడలు బతికి ఉండటానికి ఇదొక కారణం. కొన్ని పదుల యూరోల కొత్త ప్యాడ్లు ఆ 700 యూరోల పెట్టెకన్నా ఎక్కువ మేలు చేస్తాయి. లాభం తక్కువ కదా, అందుకే కొట్టువాడి నోట ఆ మాట రాలేదు.

ఇంత సరంజామా తగిలించి ఆ కుర్రాడు వింటున్నదేమిటి? యూట్యూబులో ఎవరో ఎప్పుడో క్యాసెట్టులోంచి ఎక్కించిన ‘మాయాబజార్’ పాటలు. ఎంపీ3గా నలిగి, మళ్లీ వీడియోగా నలిగిన సరుకు. ఎంపీ3 పుట్టింది కూడా జర్మనీలోనే, ఎర్లాంగెన్‌లోని ఫ్రౌన్‌హోఫర్ సంస్థలో. దాన్ని తిట్టాల్సిన పనిలేదు. మంచి మూలం నుంచి మంచి రేటులో చేస్తే ఎంపీ3 మర్యాదగానే ఉంటుంది. మన దగ్గర లేనిది ఆ మంచి మూలం.

ఇక్కడే హనోవర్ గుర్తొచ్చి కడుపు మండుతుంది. గ్రామఫోను కనిపెట్టిన ఎమిల్ బెర్లీనర్ పుట్టిన ఊరది. 1898లో డాయిచె గ్రామఫోన్ పుట్టిందీ అక్కడే. 1902లో రికార్డింగు నిపుణుడు ఫ్రెడ్ గైస్‌బర్గ్ కలకత్తాలో గాయని గౌహర్ జాన్ పాటలు రికార్డు చేస్తే, ఆ మూసలు ఓడెక్కి హనోవర్ వచ్చాయి. ఇక్కడ డిస్కులుగా అచ్చయి తిరిగి మన దేశం చేరాయి. 1908లో కలకత్తా శివారు సియాల్దాలో ఫ్యాక్టరీ పెట్టేదాకా మన సంగీతం ఇలా సముద్రాలు దాటి వచ్చి వెళుతూనే ఉంది. 1982 ఆగస్టు 17న వాణిజ్యపరంగా మొట్టమొదటి సీడీలు అచ్చయిన లాంగెన్‌హాగెన్ కూడా హనోవర్ పొలిమేరే. సెన్‌హైజర్ పల్లె ఆ పక్కనే. ధ్వనిని పట్టడం, అచ్చొత్తడం, వినడం అన్నీ ఒకే జిల్లాలో.

ఆ డాయిచె గ్రామఫోన్ 2023 నుంచి ‘ఒరిజినల్ సోర్స్’ అని ఒక వరస మొదలుపెట్టింది. 1970ల నాటి అసలు టేపులు భద్రంగా ఉన్నాయి కాబట్టి, బెర్లిన్‌లోని ఎమిల్ బెర్లీనర్ స్టూడియోస్‌లో వాటిని బయటికి తీసి, మధ్యలో ఇంకో కాపీ లేకుండా నేరుగా కొత్త డిస్కులు కోస్తున్నారు. యాభై ఏళ్ల టేపు ఏ అలమరాలో ఉందో వాళ్లకు తెలుసు. 1957 నాటి మన ‘మాయాబజార్’ మాస్టరు టేపు ఎక్కడుంది, ఏ స్థితిలో ఉంది, అసలు ఉందా? ఎవర్నడగాలి? 1971లో ఘంటసాల యూరప్, అమెరికా పర్యటనకు వచ్చినప్పుడు పశ్చిమ జర్మనీలోనూ పాడారు. ఇప్పుడిక్కడ చదువుకుంటున్న తెలుగు పిల్లలకు ఆయన గొంతు చేరేది, పైకీచు కత్తిరించి, లేని ప్రతిధ్వని కలిపి, మోనోను దొంగ స్టీరియోగా సాగదీసిన ఫైళ్లలో. హక్కులున్న కంపెనీలు ప్రతి నెలా చందా వసూలు చేస్తున్నాయి. శుభ్రంగా ఎక్కించిన మోనో ఫైలు ఒకటి ఇమ్మంటే వాళ్లకు బరువు.

ఫైలు సంగతి తరవాత. ముందు పేర్లయినా రాయవచ్చు కదా. చాలాచోట్ల పాత పాట కింద గాయకుడి పేరుంటుంది, కవి పేరుండదు. ‘మాయాబజార్’ పాటలు రాసింది పింగళి నాగేంద్రరావు. అందులో నాలుగు పాటలకు బాణీ కట్టింది సాలూరి రాజేశ్వరరావు. మిగతాది ఘంటసాల పని. ఈ మూడు పేర్లు టైపు చెయ్యడానికి ఎలక్ట్రోస్టాటిక్ పరికరాలేమీ అక్కర్లేదు, గుమాస్తా ఒకడు అరగంట కూర్చుంటే చాలు. ఇక ఆఖెన్ కుర్రాడికి: ఆంప్లిఫయరు ఆన్‌లైన్‌లో ఆర్డరిచ్చి ఉంటే, పద్నాలుగు రోజుల్లోపు కారణం చెప్పకుండా తిప్పి పంపే హక్కు ఇక్కడి చట్టం ఇస్తుంది నాయనా. కొట్టులో నిలబడి కొన్నావు కాబట్టి ఆ దారి లేదు. వాయిదాల ఒప్పందాన్ని రద్దు చేసుకునే వీలుందేమో చూడు, లేకపోతే కొట్టువాడి దయ. రసీదు పట్టుకుని రేపే వెళ్లు, కేబులు కూడా వెంట తీసుకెళ్లు.