బీరువాల సైన్సు పిల్లల చేతులకు ఎప్పుడొస్తది?

'వేడి చేస్తే లోహాలు వ్యాకోచిస్తాయి.' ఈ ఒక్క వాక్యాన్ని మన బడుల్లో బట్టీ పట్టని పిల్లలు ఉండరు. ఆరో తరగతిలో పడితే పదో తరగతి దాకా నోట్లో నానుతూనే ఉంటుంది. మరి ఏం వేడి చేశారు, ఏది పెరిగింది, ఎంత పెరిగింది అని అడిగితే మాత్రం జవాబుండదు. ఎందుకంటే ఎవరూ ఏమీ వేడి చేయలేదు కాబట్టి. ట్రాక్టర్లు రాకముందు ఇదే పాఠాన్ని ఊరి కమ్మరి నడిబజార్లో చెప్పేవాడు. బండి గీరె కన్నా కొంచెం చిన్నగా ఇనుప పట్టా చేసి, పిడకల మంటలో ఎర్రగా కాల్చి, పట్టకార్లతో పట్టుకొచ్చి గీరెకు ఎక్కించి నీళ్లు కొట్టేవాడు. పట్టా సల్లబడి బిగుసుకుంటే కట్టె కిరకిరలాడేది. చుట్టూ నిలబడి చూసిన పిల్లలకు వ్యాకోచమూ సంకోచమూ రెండూ ఒక్కపూటలో అర్థమయ్యేవి. ఆ కమ్మరికి బడిలో చోటు లేదు. ఆయన కొడుకు అదే వాక్యాన్ని పరీక్షలో తప్పు రాస్తే ఫెయిలయ్యాడు!

ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల పిల్లల వయసు ఎటువంటిది? రేడియో దొరికితే విప్పి చూసే వయసు. సైకిల్ చైను ఊడదీసి మళ్లీ ఎక్కించే వయసు. సరిగ్గా ఆ వయసులోనే మనం వాళ్ల చేతులు కట్టేస్తున్నాం. సర్కారు బడిలో సామాను బీరువాలో ఉంటుంది, తాళంచెవి ఆఫీసు గదిలో ఉంటుంది. పరీక్షనాళిక పగిలితే స్టాకు రిజిస్టరులో ఎవరు లెక్క చెప్పాలన్న భయం సారును ఆపుతుంది. ప్రైవేటు బడిలో ఇంకో తీరు. అక్కడ ఆరో తరగతి నుంచే 'ఐఐటీ ఫౌండేషన్'. లోలకం ముఖం చూడని పిల్లలతో లోలకం మీద బిట్లు చేయిస్తారు. ఇంజనీర్లను తయారుచేస్తున్నామని బోర్డులు పెట్టుకునే ఈ బడుల్లో చాలావాటిలో స్క్రూడ్రైవర్ పట్టిన పిల్లవాణ్ని చూపించమంటే కష్టం.

ఇది సాధ్యం కాదు, మన బడుల్లో సౌకర్యాలు లేవు అనేవాళ్లకు మేము ఒక జిల్లా కథ చెప్పదలచుకున్నాం. మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లా. 2022లో దాని పేరు నర్మదాపురం అని మార్చారు. 1972లో కిశోర్ భారతి, రసూలియాలోని ఫ్రెండ్స్ రూరల్ సెంటర్ అనే రెండు సంస్థలు కలిసి అక్కడి 16 మాధ్యమిక బడుల్లో ఒక ప్రయోగం మొదలుపెట్టాయి. టాటా పరిశోధనా సంస్థలో పనిచేసిన శాస్త్రవేత్త అనిల్ సద్గోపాల్ దీని ముందు వరుసలో ఉన్నారు. ఢిల్లీ విశ్వవిద్యాలయం నుంచి ప్రొఫెసర్లు వచ్చి పల్లెటూరి పంతుళ్లతో నేల మీద కూచుని ప్రయోగాలు చేశారు. 1978 నాటికి జిల్లాలోని మాధ్యమిక బడులన్నిటికీ అది పాకింది. 1982లో ఏకలవ్య అనే సంస్థ పుట్టి ఆ పని అందుకుంది.

అక్కడి పుస్తకం పేరు 'బాల్ వైజ్ఞానిక్'. అందులో ప్రశ్నలుంటాయి, ప్రయోగాలుంటాయి, జవాబులు మాత్రం ఉండవు! పిల్లలు నలుగురు నలుగురు జట్లుగా కూచుని చేసి చూసి రాయాలి. పరీక్షకు పుస్తకం వెంట తెచ్చుకోవచ్చు, ప్రయోగానికి వేరే పరీక్ష. పంతుళ్లకు ఎండాకాలం సెలవుల్లో శిక్షణ, నెలనెలా సమావేశం. పిల్లలు సందేహాలు రాసి పంపడానికి 'సవాలీరామ్' అని ఒక కల్పిత పాత్ర. ఇదంతా అమెరికాలో కాదు, కరెంటు సక్కగా లేని పల్లెల్లో.

1978లో అక్కడికి అరవింద్ గుప్తా వచ్చారు. కాన్పూర్ ఐఐటీలో చదివి, పూణెలో టెల్కోలో ఇంజనీరుగా చేస్తున్న మనిషి. అంగడిలో దొరికే అగ్గిపుల్లలు, సైకిల్ వాల్ ట్యూబు ముక్కలు తీసుకుని బొమ్మలు కట్టడం మొదలుపెట్టారు. మూడు పుల్లలతో త్రికోణం కట్టి నొక్కితే కదలదు. నాలుగు పుల్లలతో చదరం కట్టి నొక్కితే పక్కకు ఒరిగిపోతుంది. చదరానికి అడ్డంగా ఇంకో పుల్ల పెట్టండి, గట్టిపడుతుంది. అంతే! పొలంలో నిలబడ్డ కరెంటు టవరులో అన్ని త్రికోణాలెందుకో, రైలు వంతెనకు ఆ అడ్డకమ్మీలెందుకో పిల్లలకు పుల్లల్లో తెలిసిపోతుంది. 2018లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చారు. ఇచ్చింది మంచిదే గానీ, ఆ అగ్గిపుల్లలు ఎన్ని బడులకు చేరాయో కూడా అడగాలి కదా.

మోటారు సంగతీ అంతే. ఒక టార్చి సెల్లు, రెండు పిన్నీసులు, ట్యూబు కోసిన రబ్బరు పట్టీ, ఒక అయస్కాంతం, ఎనామిల్ పూసిన రాగి తీగ ఒక మీటరు. తీగను పది చుట్లు చుట్టి, రెండు కొసలు పిన్నీసుల కళ్లలో పెడితే మోటారు తయారు. అసలు కిటుకు కొసల దగ్గర ఉంది. ఒక కొసకు పూత మొత్తం గీకాలి, రెండో కొసకు ఒక పక్కే గీకాలి. రెండూ పూర్తిగా గీకితే చుట్ట సగం తిరిగి, మళ్లీ వెనక్కి గుంజబడి ఊగిసలాడుతుంది. ఒక పక్కే గీకితే సరిగ్గా ఆ సగంలో కరెంటు ఆగిపోతుంది, ఊపు మీద చుట్ట ముందుకు పోతుంది. ఈ సంగతి మొదట తప్పు గీకిన పిల్లలకే బాగా తెలుస్తుంది. బోరు మోటార్లు కాలిపోయి వైండింగు షాపుల ముందు రైతులు బారులు తీరే నేల మనది. ఆ షాపులో రాగి తీగ చుట్టే మెకానిక్‌ను ఒక్కరోజు బడికి పిలిచి కూచోబెడితే ఏం పోతుంది?

ఇంకా చవకైనది లోలకం. దారానికి రాయి కట్టి, వేలాడదీసిన కొన నుంచి రాయి మధ్యకు మీటరు పొడవు ఉంచి మెల్లగా ఊపితే, పది ఊపులకు ఇరవై సెకన్లు పడుతుంది. పొడవు పాతిక సెంటీమీటర్లు చేస్తే పది సెకన్లే. పొడవు నాలుగోవంతు చేస్తే కాలం సగమే ఎందుకు తగ్గింది? రాయి బరువు రెట్టింపు చేసినా మారదేం? ఇక్కడ మాకు ముఖ్యమనిపించేది ఇంకొకటి ఉంది. ఒక జట్టుకు 19 వస్తుంది, ఇంకో జట్టుకు 21 వస్తుంది. బట్టీ చదువులో 20 తప్ప అన్నీ తప్పులే, రాని జట్టు పక్కవాళ్లను చూసి రాసుకుంటుంది. చేసి చూసే చదువులో అందరి లెక్కలూ బోర్డు మీద రాసి, తేడా ఎక్కడొచ్చిందో మాట్లాడుకుంటారు. గడియారం ఎప్పుడు నొక్కావు, ఊపు ఎక్కడి నుంచి లెక్కపెట్టావు అని పిల్లలే పిల్లలను అడుగుతారు. పెద్దలు చెప్పారు కాబట్టి, అచ్చయింది కాబట్టి నిజం అనే అలవాటు అక్కడ తెగుతుంది.

అట్లాంటి హోషంగాబాద్ కార్యక్రమం ముప్పై ఏళ్లు నడిచి, పదిహేను జిల్లాల్లో వందల బడులకు చేరిన తర్వాత, 2002లో అక్కడి రాష్ట్ర ప్రభుత్వం దాన్ని మూసేసింది. పదో తరగతి ఫలితాల్లో పిల్లలు వెనుకబడుతున్నారన్న వాదన ముందుకు తెచ్చారు. చేతులతో నేర్చిన పిల్లలను బట్టీ పరీక్షతో తూచడం ఏం న్యాయం? తూకం రాయి మార్చకుండా సరుకును తప్పుపట్టారు. వద్దని మొత్తుకున్న పంతుళ్ల మాట చెల్లలేదు.

మన దగ్గర కదలిక లేదనం. జన విజ్ఞాన వేదిక 'చెకుముకి' పత్రిక నడిపింది. కుప్పం దగ్గర అగస్త్య ఫౌండేషన్ సంచార ప్రయోగశాలలు తిప్పుతోంది. మన సైన్సు పుస్తకాల్లోకీ 'కృత్యాలు' వచ్చాయి. కానీ కృత్యం కింద ఏం జరుగుతుందో దాని పక్కనే రాసి ఉంటే పిల్లలు చేస్తారా, గీత గీసి బట్టీ పడతారా? ప్రాజెక్టు పనులంటే స్టేషనరీ దుకాణంలో చార్టులు కొనడమైపోయింది. 2016 నుంచి కేంద్రం అటల్ టింకరింగ్ ల్యాబులని ఒక్కో బడికి 20 లక్షల దాకా ఇస్తోంది. త్రీడీ ప్రింటరు రావడం మాకు ఇష్టమే. అయితే అది ఎంపిక చేసిన బడులకే. మిగతా బడుల పిల్లలు చేసిన పాపమేంది?

మేము అడిగేది లక్షలు కాదు. వారానికి రెండు పీరియడ్లు కలిపి ఒక్క ప్రయోగం. పగిలిన గాజుకు సారు జీతం లోంచి కోయబోమని ఒక ఉత్తర్వు. ఖాళీగా ఉన్న సైన్సు టీచర్ల పోస్టుల భర్తీ. ఎనిమిదో తరగతి దాకా సైన్సు మార్కుల్లో సగం చేసి చూపినదానికి. పీఆర్సీ కోసం, డీఏల కోసం రోడ్డెక్కే ఉపాధ్యాయ సంఘాల మిత్రులు తమ డిమాండ్ల పత్రంలో ఈ నాలుగూ చేర్చాలి. ఉత్తర్వు వచ్చేదాకా ఆగనక్కరలేని పని కూడా ఒకటుంది: వచ్చే సోమవారం బీరువా తాళం తీసి, లోపల ఏముందో పిల్లలతోనే లెక్క రాయించండి.