ప్రయాణంలో పక్కవారికి చెప్పవలసిన మాట

రైలెక్కి సామాను సర్దుకుని కూర్చోగానే ఎదుటివారు "ఎందాకా అండీ?" అని పలకరిస్తారు. తరువాత ఊరు, ఉద్యోగం, పిల్లల చదువులు, ఒక్కొక్కప్పుడు జీతం దాకా సంభాషణ సాగుతుంది. విజయవాడలో ఎక్కినవారికి విశాఖపట్నం చేరేలోగా దూరపు చుట్టరికం కూడా తేలుతుంది. ఇన్ని చెప్పుకునేవాళ్ళం మన జబ్బు సంగతి మాత్రం దాచుకుంటాం. ముఖ్యంగా మధుమేహం, మూర్ఛ ఉన్నవారు "ముక్కూ మొహం తెలియనివారికి ఎందుకు చెప్పాలి?" అనుకుంటారు. ఒంటరి ప్రయాణంలో ఈ మొహమాటం ప్రాణం మీదికి తేవచ్చు.

ఇన్సులిన్, లేదా చక్కెరను బాగా తగ్గించే కొన్ని మాత్రలు వాడేవారి సంగతే తీసుకోండి. ఉదయం మందు వేసుకుని, టిఫిను స్టేషనులో చూసుకోవచ్చులే అని బయలుదేరుతారు. ఇంతలో బండి వచ్చేస్తుంది. మందు తన పని తాను చేస్తుంది. కడుపు మాత్రం ఖాళీ. 100 మిల్లీలీటర్ల రక్తంలో చక్కెర 70 మిల్లీగ్రాముల కంటె తగ్గితే చెమటలు, వణుకు, గుండెదడ, విపరీతమైన ఆకలి కలగవచ్చు. ఇంకా తగ్గితే మాట తడబడుతుంది, చూపు మసకబారుతుంది, అకారణంగా కోపం వస్తుంది. చూసేవారు "పొద్దున్నే తాగి ఎక్కాడు" అనుకుని దూరంగా జరుగుతారు. ఆ మనిషికి కావలసింది మూడు నాలుగు చెంచాల పంచదార అని వారికెలా తెలుస్తుంది?

అందుకే కూర్చున్న కాసేపటికే పక్కవారితో ఇలా అనండి: "నాకు షుగరుందండీ. ఎప్పుడైనా చెమటలు పట్టి తికమకగా మాట్లాడితే ఈ సంచిలో గ్లూకోజు ఉంది, కాస్త ఇవ్వండి." అంతకు మించి మీ జబ్బు చరిత్ర విప్పనక్కరలేదు. మీ పేరు, జబ్బు, వాడే మందులు, ఇంటివారి ఫోను నంబరు ఒక కాగితం మీద రాసి జేబులోనో పర్సులోనో ఉంచుకోండి. తాళం వేసిన సెల్‌ఫోను ఇతరులకు పనికిరాకపోవచ్చు.

ఇక పక్కన కూర్చున్నవారు చేయవలసినది. మనిషికి తెలివి ఉండి, మింగగలిగితే మూడు నాలుగు చెంచాల పంచదారగాని గ్లూకోజుగాని నీళ్ళలో కలిపి ఇవ్వండి. 15 నిమిషాలలో తేరుకోకపోతే మళ్ళీ ఇవ్వండి. తేరుకున్నాక ఏదైనా తినిపించండి. స్పృహ లేకపోతే మాత్రం నోట్లో ఏమీ పోయకూడదు. అది ఊపిరితిత్తులలోకి పోతుంది. పక్కకు తిప్పి పడుకోబెట్టి వెంటనే సహాయం పిలవండి.

మూర్ఛ వచ్చినప్పుడు మనవాళ్ళు చేతిలో తాళాలగుత్తి పెడతారు, పళ్ళ మధ్య చెంచా దూరుస్తారు, నలుగురు కలిసి అదిమి పట్టుకుంటారు. ఇనుము వలన మూర్ఛ తగ్గదు. చెంచా వలన పళ్ళు విరగవచ్చు. చుట్టూ ఉన్న సామాను జరిపి, తల కింద మెత్తనిదేదైనా పెట్టి, గడియారం చూడండి. కొట్టుకోవడం ఆగాక పక్కకు తిప్పండి. 5 నిమిషాలు దాటినా, వెంటనే మళ్ళీ వచ్చినా ఆసుపత్రికి చేర్చాలి. రైల్లో టికెట్ కలెక్టరుకు చెప్పండి, లేదా 139కి ఫోను చేయండి. బస్సులో అయితే కండక్టరుకు చెప్పి ఆపించి, 2005లో హైదరాబాదులో మొదలైన 108 అంబులెన్సును పిలవవచ్చు.

జబ్బు సంగతి చెప్పమన్నాం గదా అని అన్నీ చెప్పకండి. సంచిలో ఎంత డబ్బుందో, ఇంట్లో ఎవరూ లేరన్న సంగతి ఎవరికీ అక్కరలేదు. అలాగే, అపరిచితులు ఇచ్చే బిస్కట్లు, టీ, ప్రసాదం తీసుకోకండి. మత్తుమందు కలిపి దోచుకున్న సంఘటనలు రైళ్ళలో ఎన్నో జరిగాయి. "ఏమీ అనుకోకండి, డాక్టరు చెప్పినవే తింటున్నాను" అంటే ఎవరూ నొచ్చుకోరు. తోటి ప్రయాణికుడు ఎంత లేపినా లేవకుండా మత్తుగా పడి ఉంటే, నిద్రలే అని వదిలేయకండి.

సీట్ల విషయంలో కొంత సర్దుబాటు మంచిది. వాంతులయ్యేవారికి బస్సులో ముందువైపు కిటికీ సీటు ఇవ్వండి. గర్భిణికి, మోకాళ్ళ నొప్పులవారికి కింది బెర్తు వదలండి. గంటల తరబడి కదలకుండా కూర్చుంటే కాళ్ళ సిరలలో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది. కాబట్టి గంటకో రెండు గంటలకో ఒకసారి లేచి నాలుగడుగులు వేయండి. లేచేవారికి దారి ఇవ్వడానికి విసుక్కోకండి. దగ్గు వస్తుంటే నోటికి రుమాలు అడ్డం పెట్టుకోండి. వీలైతే కిటికీ తెరవండి. క్షయ రోగి దగ్గినప్పుడు క్రిములు గాలి ద్వారా సోకుతాయేగాని, అతడు కూర్చున్న సీటు వలన కాదు.

మధుమేహం ఉన్నవారు టికెట్టుతోబాటు పంచదార పొట్లం కూడా తీసుకున్నారో లేదో గడప దాటేముందే చూసుకోండి. అది పైన పెట్టిన పెట్టెలో గాక, చేతికందే సంచిలో ఉండాలి.