చదివి అర్థం చేసుకొన్నాను



ముప్పైనాలుగేళ్ళు బడిపిల్లలకు సంధులు, సమాసాలు, ఛందస్సు చెప్పి విశ్రాంతి తీసుకొంటున్న తెలుగు పండితుడను. ఇతనికి రసాయనాలతో ఏమి పని అని మీరు అడుగవచ్చును. గత మాసం వరకు నేనూ అలాగే అనుకొన్నాను.

ఒక ఆదివారం ఉదయం నా పూర్వవిద్యార్థి ఇంటికి వచ్చాడు. మందుల ముడిసరుకు తయారుచేసే ఒక కర్మాగారంలో పన్నెండేళ్ళుగా పనిచేస్తున్నాడు. డ్రమ్ములలో వచ్చిన సాల్వెంటును రియాక్టరులోనికి ఎక్కించడం అతని పని. చేతిలో తొమ్మిది పుటల ఇంగ్లీషు కాగితం ఉన్నది. "మాస్టారూ, దీంట్లో ఏముందో కాస్త చెబుతారా? ఏటేటా సంతకం పెట్టించుకుంటున్నారు" అన్నాడు. చివరి పుటకు గుచ్చిన చీటీ మీద ఒకే ఒక్క వాక్యం: చదివి అర్థం చేసుకొన్నాను. అదీ ఇంగ్లీషులోనే. దాని క్రింద నా శిష్యుని సంతకం మాత్రం తెలుగులో ఉన్నది, ఒకప్పుడు నా ఎదుట కూర్చొని దిద్దుకొన్న గుండ్రని అక్షరాలతో.

ఆ కాగితాన్ని సేఫ్టీ డేటా షీటు అంటారు. భద్రతా పత్రం అనుకొందాం. ప్రమాదకరమైన రసాయనం ఏదైనా సరే, దానితో పాటు ఈ పత్రం రావాలి. ఐక్యరాజ్యసమితి 2003లో ప్రచురించిన పద్ధతి ప్రకారం దీనిలో 16 భాగాలు ఉంటాయి, వాటి వరుస మారదు. రెండవ భాగం ఆ రసాయనం ఏ హాని చేస్తుందో చెబుతుంది. నాలుగవది ప్రథమచికిత్స, ఐదవది మంటలార్పే విధం, ఆరవది ఒలికినప్పుడు చేయవలసినది. ఏడవది వాడే పద్ధతి, నిలవచేసే పద్ధతి. ఎనిమిదవది ఏ గ్లౌజులు, ఏ మాస్కు తొడుక్కోవాలో చెబుతుంది. మన దేశంలో 1989లో వచ్చిన ప్రమాదకర రసాయనాల నిబంధనలు కూడా యాజమాన్యం ఇటువంటి పత్రం సిద్ధం చేయాలనీ, కోరినవారికి చూపాలనీ చెప్పాయి. చూపవచ్చును. చూచినవాడికి అర్థం కావద్దా?

ఆ పత్రం టోలుయీన్ అనే సాల్వెంటుది. నిఘంటువులు ముందేసుకొని రెండు రోజులు కూర్చొని తెలుగు చేశాను. "ఈ ద్రవబాష్పము నిద్రాళుత్వమును గాని శిరోభ్రమణమును గాని కలిగింపవచ్చును" అని వ్రాసి మురిసిపోయాను. శిష్యుడు దానిని పద్యం చదివినట్లు రాగం తీసి చదివి, "అంటే ఏమిటి మాస్టారూ?" అన్నాడు.

"మత్తు కమ్ముతుంది, కళ్ళు తిరుగుతాయిరా" అన్నాను.

అతడు కొంతసేపు మాట్లాడలేదు. "ఆ డ్రమ్ముల దగ్గర నాకు రోజూ అంతే కదండీ. నైట్ షిఫ్టులో నిద్రలేక అనుకుంటున్నాను" అన్నాడు.

పన్నెండేళ్ళు! అతని ఒంట్లో జరుగుతున్నది అతని సంతకం ఉన్న కాగితంలోనే వ్రాసి ఉన్నది. ఇంగ్లీషు దానిని అతనికి చెప్పలేదు. నా గ్రాంథికమూ చెప్పలేదు. కాబట్టి ఈ వ్యాసంలో నిందితులు ఇద్దరు. మొదటివాడు అర్థం కాని కాగితం మీద సంతకం తీసుకొనే యజమాని. రెండవవాడిని నేను, నావంటి పండితులు.

మొదటివానితో ముందు మాట్లాడుదాం. కార్మికుని ప్రాణం కాపాడడానికి పుట్టిన పత్రం, ఆ చీటీ మీద సంతకం పడగానే యజమానిని కాపాడే పత్రంగా మారిపోతున్నది. రేపు ఏదైనా జరిగితే "అతడు చదివి సంతకం చేశాడు" అనడానికి అది సాక్ష్యం. అర్థమయ్యే భాషలో చెప్పడం మన చట్టాలకు తెలియని సంగతి కాదు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం కర్మాగారంలో అంటించే ప్రకటనలు ఇంగ్లీషుతో పాటు ఎక్కువమంది కార్మికులకు తెలిసిన భాషలోనూ ఉండాలన్నది. 1971 నాటి పురుగుమందుల నిబంధనలు డబ్బాతో ఇచ్చే కరపత్రం ప్రాంతీయ భాషలో కూడా ఉండాలన్నాయి. చీమతలకాయంత అక్షరాలలోనైనా రైతుకు తెలుగు అందుతున్నది. మందు చల్లేవానికి దక్కినది మందు కలిపేవానికి ఎందుకు దక్కరాదు?

ఐరోపా సమాఖ్యలో ఈ పత్రం సరుకు అమ్మే దేశపు అధికారభాషలోనే ఇవ్వాలి. ఎస్తోనియా జనాభా పద్నాలుగు లక్షలకు లోపు. అక్కడి కార్మికునికి ఎస్తోనియా భాషలో పత్రం అందుతుంది. 2011 జనగణన ప్రకారం తెలుగు మాతృభాషగా చెప్పుకొన్నవారు ఎనిమిది కోట్ల పైచిలుకు.

"మా కర్మాగారంలో ఒడిశావారు, బీహారువారు కూడా ఉన్నారు, ఎన్ని భాషలలో ఇవ్వగలం?" అంటారు. అన్ని భాషలలోనూ ఇవ్వండి. విషం మాతృభాష అడిగి లోపలికి పోదు. "బొమ్మలు ఉన్నాయిగా" అంటారు. ఎర్ర అంచు చతురస్రంలో మంట బొమ్మ చూస్తే అంటుకొంటుందని తెలుస్తుంది. మింగినవానిని కక్కించరాదని ఏ బొమ్మ చెబుతుంది? "ఇప్పుడు ఫోనే అనువాదం చేసిపెడుతుంది" అంటారు. చేయనివ్వండి. అందులో "కక్కించవద్దు" కాస్తా "కక్కించండి" అయితే జవాబుదారీ ఎవరు? తెలిసినవారు సరిచూసి, క్రింద తమ పేరు పెట్టాలి.

2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నంలో, ఆర్.ఆర్. వెంకటాపురం మీదికి స్టైరీను ఆవిరి వచ్చి పడింది. 12 మంది మరణించారు. స్టైరీను భద్రతా పత్రం తీసి చూడండి. చల్లగా నిలవచేయాలనీ, గడ్డకట్టి పాలిమరుగా మారకుండా ఆపే ఇన్‌హిబిటరు తగినంత ఉన్నదో లేదో చూస్తుండాలనీ, లేకపోతే తనంతట తానే వేడెక్కుతుందనీ ఉంటుంది. ఆ పత్రం తెలుగులో ఉంటే ప్రమాదం ఆగేదని నేననను. కాని గోడకు ఇవతల నిద్రించే ఊరికి ఆ నాలుగు వాక్యాలు ముందే తెలిసి ఉండవద్దా?

ఇక రెండవ నిందితుని సంగతి. రసాయనశాస్త్రం తెలుగులో చెప్పలేమనడం అబద్ధం. తెలుగు అకాడమీ 1968లో పుట్టింది. ఇంటర్మీడియటు రసాయనశాస్త్రం తెలుగులో చదివిన తరాలు ఉన్నాయి. లోపం భాషలో లేదు, మా అహంకారంలో ఉన్నది. పరీక్ష కాగితానికి పనికివచ్చే మాట డ్రమ్ము దగ్గర పనికిరాదు. అక్కడ వాల్వు వాల్వే, ఎర్తింగు ఎర్తింగే. గిడుగువారు వాడుకభాష కోసం పోరాడిన నేలమీద పుట్టి, ప్రాణం పోయే చోట నేను "వమనమును ప్రేరేపింపరాదు" అని వ్రాశాను. సిగ్గుపడుతున్నాను.

శిష్యుని ప్రక్కన కూర్చోబెట్టుకొని మళ్ళీ వ్రాశాను. అతడు "అంటే?" అన్న ప్రతి మాటా కొట్టివేశాను. మిగిలినది ఇది:

టోలుయీన్. ప్రమాదం.
ఇట్టే అంటుకొంటుంది. 4 డిగ్రీల చలిలో కూడా దీని ఆవిరికి నిప్పురవ్వ చాలు. ఆవిరి గాలికంటె బరువు. నేలబారున పాకి దూరాన ఉన్న నిప్పును అందుకొంటుంది.
పంపు పెట్టేముందు డ్రమ్ముకు ఎర్తింగు తీగ తగిలించాలి.
ఆవిరి పీలిస్తే మత్తు కమ్ముతుంది, కళ్ళు తిరుగుతాయి. అలా అనిపిస్తే వెంటనే బయటి గాలిలోకి రావాలి.
మింగితే కక్కించవద్దు. ఉప్పునీళ్ళు పట్టవద్దు. కక్కేటప్పుడు ఊపిరితిత్తులలోకి పోతే ప్రాణం పోవచ్చు. ఈ కాగితంతో సహా ఆస్పత్రికి తీసుకుపోవాలి.
కడుపులో బిడ్డకు హాని చేస్తుందని అనుమానం ఉన్నది.

దీనిని రసాయనశాస్త్రం చదివిన ఒక మిత్రుని చేత సరిచూపించి, పెద్ద అక్షరాలతో అచ్చు తీసి ఇచ్చాను. మొత్తం పత్రానికి ఇది బదులు కాదు, దానిలోనికి వాకిలి మాత్రమే. శిష్యుడు దానిని సూపర్‌వైజరుకు చూపి, గోడకు అంటించమని అడిగాడు. "పైవారిని కనుక్కోవాలి" అన్నారట. ఇంకా కనుక్కొంటూనే ఉన్నారు.

మిత్రులారా, మనం అంతర్జాలానికి, టపాకు, వ్యాఖ్యకు తెలుగు మాటలు వెదికి, కీబోర్డు మీద ఒత్తులు, పొల్లులు పోగుచేసుకొన్నవాళ్ళం. మీలో రసాయనం తెలిసినవారు ఉన్నారు, కర్మాగారాలలో పనిచేసేవారూ ఉన్నారు. ఒక్కొక్కరు ఒక్కొక్క రసాయనం తీసుకోండి. యాసిడ్లు, కాస్టిక్ సోడా, క్లోరిన్, అమ్మోనియా, ఏదైనా సరే. పైన నేను వ్రాసినంతే వ్రాయండి. ఆ పని చేసేవాని ఎదుట పైకి చదవండి. అతడు "అంటే?" అన్నచోట మాట మార్చండి. నా తెలుగులో తప్పులుంటే నిర్మొహమాటంగా దిద్దండి, ఈసారి వ్యాకరణం కోసం మాత్రం కాదు.

స్వస్తి.