లాగవుట్ వేళలు, రాత్రి కాల్స్ గురించి యాజమాన్యానికి వినతిపత్రం

గౌరవనీయులైన యాజమాన్యం వారికి,
మాదాపూర్ కార్యాలయంలోని ప్రాజెక్టు బృందాల ఉద్యోగులం చేసుకుంటున్న విన్నపం.

2023 జూలైలో వానలు ముంచెత్తినప్పుడు సైబరాబాద్ పోలీసులు ఐటీ కంపెనీలకు విడతలవారీ లాగవుట్ సూచించారు. ఐకియా నుంచి సైబర్ టవర్స్ దాకా ఉన్న ఆఫీసులు మధ్యాహ్నం మూడింటికి, బయోడైవర్సిటీ, రాయదుర్గం వైపువి నాలుగున్నరకు వదలాలన్నారు. అప్పుడు మన డెలివరీలేవీ ఆగలేదు. వానకు కుదిరింది ఎండకెందుకు కుదరదు? బృందాలవారీగా రాకపోకల వేళలు ఏడాది పొడవునా వేరుచేయండి. ఆరింటికి అందరం ఒక్కసారే దిగితే లిఫ్టు దగ్గరే క్యూ; మైండ్‌స్పేస్ జంక్షన్ సంగతి చెప్పనక్కర్లేదు.

ఇక రాత్రి కాల్స్ సంగతి. క్లయింటు కాల్ కాలిఫోర్నియాలో ఉదయం తొమ్మిదికి పెడితే మనకు రాత్రి తొమ్మిదిన్నర. నవంబరులో వాళ్లు గడియారాలు వెనక్కి తిప్పుకోగానే మనకు పదిన్నర. పిల్లలు నిద్రపోయాక ఇల్లు చేరడం, భోజనం పక్కన పెట్టుకుని మ్యూట్‌లో తినడం మామూలైపోయాయి. వారం విడిచి వారం ఆ కాల్‌ని వాళ్ల రాత్రి ఏడున్నరకు పెడితే మనకు ఉదయం ఎనిమిదో తొమ్మిదో అవుతుంది. క్లయింటును అడిగిచూడండి, ఇప్పటిదాకా ఎవరూ అడిగినట్టు లేదు. రాత్రి కాల్‌లో కూర్చున్నవారిని మర్నాడు పదకొండింటికి ముందు లాగిన్ కమ్మనకూడదు. 2025 జూలై ఉత్తర్వులో తెలంగాణ ప్రభుత్వం వాణిజ్య సంస్థలకు రోజుకు పది గంటల పని అనుమతిస్తూనే, వారానికి 48 గంటలు దాటితే ఓవర్‌టైమ్ ఇవ్వాలంది. మా రాత్రి కాల్స్‌ను కూడా ఆ 48లోనే లెక్కగట్టండి.

దేనికోసం, ఏం తేల్చాలి అన్నది రాయని మీటింగ్ ఇన్వైట్‌ను కాదనే హక్కు ఫ్రెషర్‌కు కూడా ఉండాలి. అప్రైజల్‌లో దాన్ని ఎత్తిచూపకూడదు. స్టాండప్ మీటింగ్ పేరుకు పదిహేను నిమిషాలు. ఇరవై మంది వరసగా నిన్నటి పని ఒప్పజెప్పేసరికి గంట. జిరా టికెట్లలో ఉన్నదే మళ్లీ చదివించడం మానండి. ఒట్టి "హాయ్" పంపి ఊరుకోకుండా పనేమిటో అదే మెసేజ్‌లో రాయమని లీడ్‌లకు చెప్పండి.

కాల్ సాగినప్పుడల్లా కింద క్యాబ్ డ్రైవరన్న కూడా ఆగుతున్నాడు. ఆయన గంట ఎవరి టైమ్‌షీట్‌లోకీ ఎక్కదు. ఆ వెయిటింగ్‌కు డబ్బు కట్టివ్వండి.

ముందు ఒక్క బృందంలో మూడు నెలలు నడిపిచూసినా మాకు సమ్మతమే. నెలాఖరులోగా రాతపూర్వకంగా జవాబు కోరుతున్నాం. దీనికోసం కాల్ పెట్టనక్కర్లేదు, మెయిల్ చాలు.

ఇట్లు,
ప్రాజెక్టు బృందాల ఉద్యోగులు,
మాదాపూర్, హైదరాబాద్