సుబ్హె కాజిబ్‌ను చూసినవారెవరు?

ఫిఖహ్ గ్రంథాలలో ఉపవాస ప్రకరణం బోధించేటప్పుడు రెండు ఉషస్సుల ప్రస్తావన వస్తుంది. మొదటిది సుబ్హె కాజిబ్, అంటే అబద్ధపు ఉదయం. తూర్పు దిక్కున నేల నుండి పైకి, తోడేలు తోక వలె నిలువుగా లేచే పాలిపోయిన వెలుగు అది. దానిని చూసి సహరీ భోజనం ఆపవలసిన పని లేదు. ఫజ్ర్ నమాజుకు వేళ కూడా కాలేదు. కొంతసేపటి తరువాత దిగంతం వెంబడి అడ్డంగా పరచుకునే తెలుపు సుబ్హె సాదిఖ్, నిజమైన ఉదయం. మదరసా విద్యార్థులందరికీ ఈ రెండింటి తేడా కంఠస్థమే. పరీక్షలో అడిగితే తప్పు లేకుండా వ్రాస్తారు. కొన్నేళ్ళ క్రితం ఈ పాఠం ముగించిన తరువాత వెనుక వరుసలోని ఒక బాలుడు లేచి, "హజ్రత్, దానిని ఎక్కడ నిలబడి చూడాలి?" అని అడిగాడు. న్యాయమైన ప్రశ్న. షాద్‌నగర్‌లో నిలబడి చూడటం సాధ్యం కాదని చెప్పవలసి వచ్చింది.

ఎందుకు సాధ్యం కాదో పాఠకులు తమ మిద్దె ఎక్కి చూసుకోవచ్చు. ఊరి పక్కనే 44వ నంబరు జాతీయ రహదారి. ఉత్తరాన కొత్తూరు కర్మాగారాలు, ఆ పైన 2008లో మొదలైన శంషాబాద్ విమానాశ్రయం, దాని వెనుక హైదరాబాదు మహానగరం. రాత్రి రెండు గంటలకు కూడా ఆ దిక్కున ఆకాశం ఎర్రమట్టి కలిసిన నీళ్ళ రంగులో ఉంటుంది. పైకి పోయే దీపకాంతి గాలిలోని దుమ్మును, తేమను తాకి చెదిరి మళ్ళీ మన కళ్ళలోనే పడుతుంది. సుబ్హె కాజిబ్ చాలా బలహీనమైన వెలుగు. గ్రహాలు తిరిగే తలంలో వ్యాపించి ఉన్న సన్నని ధూళి కణాలపై సూర్యకాంతి పడి మెరవటమే దానికి కారణం. వీధి దీపం ముందు అది ఎక్కడ నిలుస్తుంది? ఇంకొక వింత కూడా చెప్పాలి. మన షాద్‌నగర్‌లోనే జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం వారి భూకేంద్రం ఉన్నది. ఉపగ్రహాలు పైనుండి తీసే భూమి చిత్రాలను అక్కడి పెద్ద పెద్ద యాంటెనాలు అందుకుంటాయి. పైనుండి మన ఊరు స్పష్టంగా కనిపిస్తున్నది, మన ఊరి నుండి పైన ఏమున్నదో కనిపించటం లేదు.

వెలుగుకు ఓడి నక్షత్రాలు తొలగిపోవటం మన ప్రాంతానికి కొత్త కాదు. ఆ కథ మన పిల్లలకు తెలియవలసినది. 1901లో నవాబ్ జఫర్ జంగ్ తన సొంత ధనంతో ఇంగ్లండు నుండి 15 అంగుళాల దూరదర్శినిని తెప్పించి, హైదరాబాదులోని ఫిసల్‌బండలో వేధశాలను నెలకొల్పారు. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ అనుమతితో దానికి నిజామియా అని పేరు పెట్టారు. (మన పాత జిల్లా మహబూబ్‌నగర్‌కు ఉన్నది కూడా ఆ నిజాం పేరే.) 1907లో నవాబు మరణించగా, మరుసటి సంవత్సరం ప్రభుత్వం దానిని స్వీకరించి బేగంపేటకు మార్చింది. 1919లో అది ఉస్మానియా విశ్వవిద్యాలయానికి చేరింది.

ఆ రోజులలో ప్రపంచ దేశాల వేధశాలలు కలిసి ఆకాశం మొత్తాన్ని ఫోటోలు తీసి, ప్రతి నక్షత్రం స్థానాన్ని పట్టికలో వ్రాసే పని పెట్టుకున్నాయి. చిలీ దేశపు శాంటియాగో నగరానికి కేటాయించిన ఆకాశపు పట్టీ హైదరాబాదు చేతికి వచ్చింది. ఫోటో పలకలపై చుక్కలను ఒక్కొక్కటిగా కొలిచి, లెక్క కట్టి, ఏడున్నర లక్షలకు పైగా నక్షత్రాల స్థానాలను హైదరాబాదు ప్రకటించింది. కంప్యూటరు లేని కాలం అది. చేతి వ్రాత, కంటి చూపు, ఓర్పు ఇవే సాధనాలు. 1918 నుండి టి.పి. భాస్కరన్, 1944 నుండి అక్బర్ అలీ ఆ వేధశాలకు సంచాలకులుగా ఉన్నారు. అక్కడ ఉద్యోగం చేసిన ఒకరి కుమారుడు తండ్రి వెంట ఆ దూరదర్శినుల మధ్య పెరిగి, యౌవనంలో 1949లో ఒక తోకచుక్కను కనుగొన్నవారిలో ఒకడై, తరువాత భారతదేశపు పేరెన్నికగన్న ఖగోళ శాస్త్రవేత్త వైణు బప్పుగా ప్రసిద్ధుడయ్యాడు. తండ్రి కొడుకును రాత్రిపూట తన వెంట ఎక్కడికి తీసుకుపోతున్నాడన్నది చిన్న విషయం కాదు.

బేగంపేట చుట్టూ నగరం పెరిగింది. చీకటి కరవైనది. అక్బర్ అలీ తలపెట్టిన 48 అంగుళాల దూరదర్శినిని నగరానికి దూరంగా, ఇబ్రహీంపట్నం అవతల జాపాల, రంగాపూర్ గ్రామాల దగ్గర 1968లో ప్రతిష్ఠించారు. 1980 ఫిబ్రవరి 16 నాటి సంపూర్ణ సూర్యగ్రహణాన్ని రంగాపూర్ నుండి పరిశీలించారు. అమెరికా శాస్త్రవేత్తలు మన జిల్లా పాలెంలో కెమెరాలు నిలిపి సూర్యుని చుట్టూ ఉండే కాంతివలయాన్ని చిత్రించారు. సముద్రాలు దాటి వచ్చినవారు మన పొలాలలో నిలబడి చూస్తుండగా, మన జిల్లా జనం చాలామంది తలుపులు మూసుకొని, కిటికీలకు దుప్పట్లు కట్టుకొని లోపల కూర్చున్నారు. మేము అప్పటికి పదేళ్ళ లోపు వాళ్ళము. మా ఇంటి తలుపు కూడా తెరుచుకోలేదు. దైవప్రవక్త (సఅసం) కుమారుడు ఇబ్రాహీం మరణించిన దినాన సూర్యగ్రహణం పడితే, ఎవరి చావు బ్రతుకులతోనూ గ్రహణానికి సంబంధం లేదని ఆయన అప్పుడే స్పష్టం చేశారు. నమాజు చేయమన్నారు గాని దాక్కోమనలేదు. జాతకాలను, నక్షత్ర ఫలాలను నిషేధించిన ధర్మం నక్షత్రాలను చూడటాన్ని నిషేధించలేదు. ఈ రెండింటినీ కలిపివేసే అలవాటు మన ఇళ్ళలో ఇంకా పోలేదు.

కాలక్రమంలో రంగాపూర్ దూరదర్శిని కూడా మూలనపడింది. బేగంపేటలో పాత గుమ్మటాలు శిథిలాలుగా మిగిలాయి.

ఆ బాలుని ప్రశ్నకు సమాధానం వెదుకుతూ, మరుసటి అక్టోబరులో చాంద్రమాసం చివరి రాత్రులు చూసుకొని, కొందరు విద్యార్థులతోను, మూడు కుటుంబాలతోను నల్లమల అంచున ఉన్న మన్ననూరుకు వెళ్ళాము. కల్వకుర్తి దాటి, డిండి దాటి, శ్రీశైలం దారిలో అడవి మొదలయ్యే ఊరు అది. అక్కడి నుండి అమ్రాబాద్ పులుల అభయారణ్యం. రాత్రి తొమ్మిది నుండి ఉదయం ఆరు వరకు అటవీశాఖ వారు వాహనాలను లోపలికి విడువరు. అది మంచి నియమం. మాకు కావలసినది అడవి కాదు, చీకటి. అది గేటు ఇవతల కూడా సమృద్ధిగా ఉన్నది. (లోపల ఫర్హాబాద్ అనే కొండ కొమ్ము ఉన్నది. ఫరహ్ అంటే ఆనందం. దానిని పగటిపూట చూడవచ్చు.)

మొదటి అరగంట పిల్లలకు విసుగే. కళ్ళు చీకటికి అలవాటు పడటానికి ఇరవై, ముప్పై నిమిషాలు పడుతుంది. ఒక్కసారి ఫోను తెరిస్తే మళ్ళీ మొదటికి రావాలి. అందువలన ఫోనులన్నీ ఒక సంచిలో వేయించాము. టార్చికి ఎర్రగుడ్డ చుట్టాము. ఆ తరువాత ఎవరూ విసుగు మాట ఎత్తలేదు. పాలపుంతను చూసి ఒక పిల్లవాడు మబ్బు పట్టిందని కంగారుపడ్డాడు. అక్కడ గొర్రెల మందకు కాపలా ఉన్న ఒక పెద్దాయన మా గుంపును చూసి వచ్చి కూర్చున్నాడు. నడినెత్తిన ఉన్న చుక్కల గుంపును చూపి, "అది పిల్లలకోడి సారూ" అన్నాడు. అరబ్బీలో అదే సురయ్యా. మన గుంపులో సురయ్యా పేరుగల బాలిక ఉన్నది. తన పేరుకు ఆకాశంలో ఒక చోటు ఉన్నదని ఆమెకు ఆ రాత్రి వరకు తెలియదు! సురయ్యా వెనుకనే నడిచే ఎర్రని నక్షత్రం దబరాన్, అంటే వెంట వచ్చేది. ప్రపంచమంతా ఇప్పటికీ దానిని అల్‌దెబరాన్ అనే పిలుస్తున్నది. వేగా, అల్టెయిర్, రిగెల్, ఫొమల్‌హాట్, ఇవన్నీ అరబ్బీ మాటలే. క్రీ.శ. 964లో అబ్దుర్రహ్మాన్ సూఫీ నక్షత్ర మండలాలపై వ్రాసిన గ్రంథంలో ఒక చిన్న మబ్బు తునకను పేర్కొన్నారు. ఇరవై అయిదు లక్షల కాంతి సంవత్సరాల దూరాన ఉన్న మరొక పాలపుంత అది అని ఈ కాలంవారు తేల్చారు. దూరదర్శిని పుట్టక ఆరువందల ఏళ్ళ ముందు, ఉత్త కంటితో చూసిన చూపు అది.

తెల్లవారుజామున నాలుగున్నరకు దక్షిణాన, చెట్ల మీదుగా సుహైల్ కనిపించింది. మనవారు అగస్త్య నక్షత్రం అంటారు. సమర్‌ఖండ్‌లో ఉలుగ్ బేగ్ మహా వేధశాల కట్టి వెయ్యికి పైగా నక్షత్రాలను కొలిచి 1437లో పట్టిక వెలువరించాడు గాని, ఆ ఊరు బాగా ఉత్తరాన ఉండటం వలన సుహైల్ అక్కడ దిగంతం పైకి రాదు. సుల్తానుకు దొరకని నక్షత్రం మన్ననూరు గొర్రెల కాపరికి ప్రతి చలికాలం దొరుకుతున్నది.

అప్పుడే తూర్పున ఆ వెలుగు లేచింది. పొగమంచు అనుకోదగినంత పలుచనిది. అడుగున వెడల్పుగా, పైకి పోనుపోను సన్నగా, కొద్దిగా ఒరిగి నిలబడినది. ప్రశ్న అడిగిన బాలుడు గ్రంథంలోని అరబ్బీ వాక్యాన్ని మెల్లగా వల్లించుకుంటూ, ఒక్కొక్క మాటకూ ఆగి తూర్పు వైపు చూస్తున్నాడు. ఎవరూ మాట్లాడలేదు. అది అలాగే ఉండగా, క్రింద కొండల వెంబడి అడ్డంగా తెలుపు విచ్చుకున్నది. మేము అజాన్ ఇప్పించాము.

ఒకప్పుడు మదరసాలలో ఇది వింత విద్య కాదు. దర్సె నిజామీ పాఠ్యక్రమంలో హైఅత్ శాస్త్రం ఉండేది, తష్రీహుల్ అఫ్లాక్, షర్హె చగ్మీనీ వంటి గ్రంథాలు బోధించేవారు. పధ్నాలుగవ శతాబ్దంలో డమాస్కసు ఉమయ్యద్ మసీదులో నమాజు వేళలు నిర్ణయించే ఉద్యోగి ఇబ్నుష్షాతిర్ తన కాలపు గొప్ప ఖగోళవేత్తలలో ఒకడు. ఇప్పుడు వేళల పట్టిక గోడకు వేలాడుతున్నది, ఫోను అజాన్ పలుకుతున్నది. పట్టికతో మాకు తగాదా లేదు. పట్టిక దేనిని కొలిచిందో తెలియకపోవటమే తగాదా. ఖిబ్లా సంగతి చూడండి. మన ప్రాంతంలో ధ్రువ నక్షత్రం దిగంతానికి పదిహేడు డిగ్రీల ఎత్తున, అంటే చాచిన చేతి పిడికిళ్ళు రెండింటికి కొంచెం తక్కువ ఎత్తున ఉంటుంది. దానికి అభిముఖంగా నిలబడి ఎడమ చేయి చాస్తే పడమర. అక్కడి నుండి ఉత్తరం వైపు ఒక పిడికిలికి కొంచెం ఎక్కువ జరిపితే షాద్‌నగర్ నుండి ఖిబ్లా. పగలు కావాలంటే, మే 28 మధ్యాహ్నం 2 గంటల 48 నిమిషాలకు, జులై 16న 2 గంటల 57 నిమిషాలకు సూర్యుడు కాబా గృహానికి సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. ఆ క్షణాన నిలువు కర్ర నీడకు ఎదురు దిక్కే ఖిబ్లా. పదేళ్ళ పిల్లకు కూడా అర్థమయ్యే పని ఇది.

పిల్ల అని ఊరకనే అనలేదు. మన కుటుంబాలు విహారానికి పోవు అనటానికి లేదు. పిల్లలమర్రికి పోతాయి, కోయిల్‌సాగర్‌కు పోతాయి, అనంతగిరికి పోతాయి. కాని ఆ దినమంతా ఆడవారు వండటంలో, వడ్డించటంలో, గిన్నెలు సర్దటంలో గడుపుతారు. మగవారు ఫోనులో చిత్రాలు తీసుకుంటారు. సూర్యాస్తమయానికి అందరూ ఇల్లు చేరాలి. దైవప్రవక్త (సఅసం) ప్రయాణంలో సహచరులను ముందుకు పంపి హజ్రత్ ఆయిషా (రజి)తో పరుగు పందెం వేసుకున్న హదీసును వివాహ ప్రసంగాలలో అందరమూ వింటాము. ఇంటికి వచ్చి భార్యను మిద్దె మీదికైనా పిలువము.

నెలవంక దర్శనం నాడు ఇది మరింత స్పష్టమవుతుంది. 29వ నాటి మగ్రిబ్ కాగానే మగపిల్లలు మిద్దె ఎక్కుతారు. ఆడపిల్లలు క్రింద వంటింట్లో కబురు కోసం ఎదురుచూస్తారు. ఆ కబురు కూడా ఈ మధ్య వాట్సప్‌లో ఎక్కడి నుండో వస్తున్నది. హనఫీ ఫిఖహ్ ప్రకారం ఆకాశం మబ్బుగా ఉన్నప్పుడు రమజాను నెలవంకకు నమ్మదగిన ఒక్కరి సాక్ష్యం చాలు, ఆ ఒక్కరు పురుషుడైనా స్త్రీ అయినా. సాక్ష్యానికి అర్హురాలైన వ్యక్తిని చూడనీయకుండా క్రింద కూర్చోబెట్టటానికి ఏ గ్రంథంలో ఆధారం ఉన్నదో చూపమని ఈ మాట విని ముఖం చిట్లించిన ఒక పెద్దమనిషిని అడిగాము. ఆయన ఇంకా వెదుకుతున్నారు.

వచ్చే షాబాన్ 29న మదరసా మిద్దెపై తూర్పు వైపు మెట్లు స్త్రీలకు, బాలికలకు, ఉత్తరం వైపు మెట్లు పురుషులకు తెరిచి ఉంటాయి. నెలవంక ఎక్కడ కనిపిస్తుందో పడమటి దిగంతంలో ముందుగానే గుర్తు చూపిస్తాము. ఇక మన్ననూరు ప్రయాణం వానలు తగ్గిన తరువాత, మబ్బు లేని నెలాఖరు చూసి. అంత దూరం వీలుకానివారు కేశంపేట, తలకొండపల్లి వైపు బంధువుల పొలం ఉంటే అక్కడికైనా వెళ్ళవచ్చు, ఉత్తర దిక్కు తప్ప మిగిలిన ఆకాశం చాలావరకు దొరుకుతుంది. ఇంటికొక చాప, మనిషికొక దుప్పటి తెచ్చుకోవాలి. చలి ఉంటుంది. సహరీకి ఖిచిడీ, ఖట్టా మదరసాలో మగపిల్లలు వండి తీసుకువస్తారు. తల్లులు వంట పాత్రలు తేవద్దని మనవి.