బంగారానికి వేసిన తాళం తుపాకికీ వేద్దాం

అమెరికాలో దొంగలు మన భారతీయుల ఇళ్లమీద కన్నేసింది బంగారం కోసం. అందుకే నగలు బ్యాంకు లాకరుకు చేరాయి. ఆ భయంతోనే మనవాళ్ల ఇళ్లు కొన్నింటిలోకి తుపాకీ వచ్చింది. అది మాత్రం మంచం పక్క సొరుగులో, తూటాలతో సహా, తాళం లేకుండా పడి ఉంటోంది. దొంగ కోసం కొన్నది పదహారేళ్ల బిడ్డ చేతికందే దూరంలో ఉంది.

తల్లులారా, తండ్రులారా! "మావాడు అలాంటివాడు కాదు" అనే ధీమా వదలండి. చచ్చిపోవాలన్న ఉద్వేగం చాలామందిలో నిమిషాల్లో ముంచుకొస్తుంది. ఆ గండం దాటితే తగ్గుతుంది. ప్రయత్నించి బతికినవాళ్లలో పదింట తొమ్మిదిమంది ఆ తర్వాత ఆత్మహత్యతో చనిపోలేదని అధ్యయనాలు చెబుతున్నాయి. తుపాకీ ఆ రెండో అవకాశం దాదాపు ఇవ్వదు. మార్కులు తగ్గిన రాత్రి, స్నేహం తెగిన రాత్రి బిడ్డకు కావలసింది కాస్త వ్యవధి. దాన్ని మనం తాళంతో ఇవ్వగలం.

తుపాకీ అందకపోతే ఏమవుతుందో చూడండి. వారాంతపు సెలవుకు ఇంటికెళ్లే కుర్ర సైనికులు తుపాకులు స్థావరంలోనే వదిలి వెళ్లాలని ఇజ్రాయెల్ సైన్యం 2006లో నిబంధన పెట్టింది. వాళ్లలో ఆత్మహత్యలు సుమారు 40 శాతం తగ్గాయి. వారాంతాల్లో ఆగినవి మిగతా రోజుల్లో పెరగనూ లేదు.

తూటాలు తీసెయ్యండి. తుపాకీని సేఫులో, తూటాలను వేరేచోట పెట్టి రెంటికీ తాళం వెయ్యండి. పిల్లవాడి పుట్టినరోజే కోడుగా పెడితే అది తాళమే కాదు. "ఎక్కడ దాచామో వాడికి తెలియదు" అంటారా? ఒక అధ్యయనంలో అలా అన్న తల్లిదండ్రుల పిల్లల్నే విడిగా అడిగితే పదింట దాదాపు నలుగురు తెలుసన్నారు! బిడ్డ దిగులుగా ఉంటే ఆ కష్టకాలం గడిచేదాకా తుపాకీని ఇల్లు దాటించండి. కొన్నిచోట్ల పోలీసులు, తుపాకీ దుకాణాలవాళ్లు తాత్కాలికంగా దాచిపెడతారు; చట్టం రాష్ట్రాన్ని బట్టి మారుతుంది, ముందే కనుక్కోండి.

తెలుగు సంఘాల పెద్దలారా, ఇది మీ పని కూడా. ఉగాది సభలో, బతుకమ్మ ఆటలో ఒక బల్ల వేసి తుపాకీ తాళాలు పంచండి. ప్రాజెక్ట్ చైల్డ్‌సేఫ్ అనే కార్యక్రమం ద్వారా చాలా ఊళ్లలో పోలీసులు వాటిని ఉచితంగానే ఇస్తున్నారు. పిల్లల్ని స్నేహితులింటికి రాత్రి నిద్రకు పంపేటప్పుడు వేరుసెనగ అలర్జీ గురించి చెబుతాం కదా, "మీ ఇంట్లో తుపాకీ ఉందా, తాళం వేసి ఉందా" అనీ అడుగుదాం. నలుగురూ ఏమనుకుంటారోనన్న మొహమాటం బిడ్డ ప్రాణం కంటే ఎక్కువ కాదు.

బిడ్డ ముభావంగా ఉంటే పక్కన కూర్చుని, "చచ్చిపోవాలనిపిస్తోందా నాన్నా?" అని సూటిగా అడగండి. అడిగినందువల్ల ఆ ఆలోచన పుట్టదు. అమెరికాలో ఆత్మహత్య నివారణ సహాయ నంబరు 988కి ఏ వేళనైనా ఫోను చెయ్యవచ్చు, మెసేజీ పంపవచ్చు. ఆ నంబరు ఈ పూటే పిల్లల ఫోన్లలో ఎక్కించండి, మీ ఫోన్లలోనూ.