చేతిలో ఐదు రూపాయలు, ముందు ఏడు గుంటలు

చేవెళ్ల, మొయినాబాద్ బడిపిల్లలకు కూరగాయల బొమ్మలు చూపించి పేర్లు చెప్పమనే ఆట ఎవరైనా తయారుచేస్తే, అది మొదటి ఎత్తులోనే ఓడిపోతుంది. క్యారెట్, బీట్‌రూట్, టమాటా, పాలకూర, కొత్తిమీర ఇక్కడ బొమ్మల్లో చూసి నేర్చుకోవాల్సినవి కావు. కలుపు తీసేవాళ్లు, ఆకుకూర కట్టలు కట్టేవాళ్లు, తెల్లవారకముందే సరుకు బండికెక్కించి హైదరాబాద్ మార్కెట్లకు పంపేవాళ్లు ఈ పిల్లల ఇళ్లలోనే, ఇరుగుపొరుగులోనే ఉంటారు. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాల రక్షణకు 1996లో తెచ్చిన 111 జీవో 84 గ్రామాల్లో కట్టడాలకు కళ్లెం వేసింది. నగరం ఇంత దగ్గరికి వచ్చినా ఇక్కడ మడులు మిగిలి ఉండటానికి అదీ ఒక కారణం. ఇంత పచ్చదనం మధ్య కూడా బడి వదిలే వేళకు పిల్లల చేతుల్లో కనిపించేది ఐదు రూపాయల చిప్స్ ప్యాకెట్టే. ఏది మంచి తిండో తెలియక కాదు. ఆకలి వేసిన ఆ పది నిమిషాల్లో, చేతిలో ఉన్న ఆ ఐదు రూపాయలకు దొరికేది అదే గనుక. మంచి తిండి అలవాట్ల మీద ఆట తయారుచేయాలనుకునే విద్యార్థి పరిశోధకులు మొదలుపెట్టాల్సిన చోటు ఆ పది నిమిషాలేనని నా వాదన.

ఆటలు తయారుచేసే చేతులకు ఈ ప్రాంతంలో కొదవ లేదు. మొయినాబాద్ చుట్టూ ఇంజినీరింగ్ కాలేజీలున్నాయి. రాజేంద్రనగర్‌లో వ్యవసాయ విశ్వవిద్యాలయం ఉంది. 1918లో కూనూరులో పుట్టి 1958లో హైదరాబాద్‌కు వచ్చిన జాతీయ పోషకాహార సంస్థ తార్నాకలో ఉంది. 2021లో కేంద్ర ప్రభుత్వం టాయ్‌కథాన్ పేరుతో దేశమంతటా విద్యార్థుల చేత బొమ్మలు, ఆటలు తయారుచేయించే పోటీ కూడా పెట్టింది. చిక్కల్లా తయారయ్యే ఆట తీరులోనే. చివరి ఏడాది ప్రాజెక్టు అనగానే క్విజ్ యాప్ గుర్తొస్తుంది: క్యారెట్‌లో ఏ విటమిన్ ఉంది, సరైన జవాబుకు ఒక నక్షత్రం. ముందొక పరీక్ష, వెనకొక పరీక్ష, మార్కులు పెరిగాయని ఒక పట్టిక. పరిశోధన పూర్తయినట్టే. పిల్లవాడి కంచంలో మాత్రం ఏమీ మారి ఉండదు.

అసలు ఆటతో తిండి మారుతుందా అని అడిగేవాళ్లకు జవాబుంది. అమెరికాలోని హ్యూస్టన్‌లో టామ్ బరనోవ్‌స్కీ బృందం నాలుగో తరగతి పిల్లల కోసం ‘స్క్వైర్స్ క్వెస్ట్’ అనే కంప్యూటర్ ఆట తయారుచేసింది. 26 బడుల్లో 1,578 మంది పిల్లలతో జరిపిన పరీక్షా ఫలితాలు 2003లో వచ్చాయి. ఆట ఆడిన పిల్లలు మిగతావాళ్లకంటే రోజుకు సుమారు ఒక సర్వింగ్ పండ్లు, పండ్లరసం, కూరగాయలు ఎక్కువ తిన్నట్టు తేలింది. ఇటలీలోని నేపుల్స్‌లో ‘కలేడో’ అనే బల్లమీది ఆటను 241 మంది పిల్లల మీద 24 వారాల పాటు పరీక్షించారు. 2006లో ప్రచురించిన ఫలితాల ప్రకారం ఆట ఆడినవాళ్లకు పోషకాహార జ్ఞానమూ పెరిగింది, కూరగాయలు తినడమూ పెరిగింది. శరీర బరువు సూచీలో మాత్రం చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఇవి చిన్న లాభాలే, అదీ చాలావరకు పిల్లలు చెప్పిన లెక్కల మీద ఆధారపడ్డవే. అయినా రెండింటిలోనూ గమనించాల్సింది ఒకటుంది. ఆట ఒక్క గంటతో ముగియలేదు, వారాల తరబడి నడిచింది. ప్రారంభోత్సవం నాడు ఫోటో దిగి బీరువాలో పెట్టే ఆటకు ఈ ఫలితాలను సాక్ష్యంగా చూపలేం.

నెదర్లాండ్స్ నుంచి వచ్చిన మరో అధ్యయనాన్ని ఆట తయారుచేసేవాళ్లంతా గోడకు అంటించుకోవాలి. 2013లో అక్కడి పరిశోధకులు 270 మంది పిల్లల మీద ప్రకటనల ఆటలను పరీక్షించారు. కొన్నింట్లో చిరుతిళ్లు, కొన్నింట్లో పండ్లు. ఆ తర్వాత వాళ్ల ముందు తిండి పెట్టి చూస్తే, పండ్ల ఆట ఆడిన పిల్లలు పండ్ల వైపు పోలేదు. తెర మీద ఏ తిండి కనిపించినా సరే, తిండి ఆట ఆడిన పిల్లలు మొత్తం మీద మిగతావాళ్లకంటే ఎక్కువ తిన్నారు. అంటే తిండి బొమ్మ కనిపిస్తే నోరూరుతుంది, ఊరిన నోటికి దగ్గర్లో ఉన్నదే అందుతుంది. యాపిల్‌ను ముద్దుగా గీసి ఎగిరించినంత మాత్రాన పిల్లవాడు జామకాయ వెతుక్కుంటూ వెళ్లడు.

మన దగ్గర ఇలాంటి ఆట అనగానే అందరికీ తట్టేది వైకుంఠపాళి. పాలకూర నిచ్చెన, చిప్స్ పాము. చూడ్డానికి చక్కగా ఉంటుంది, నా ఉద్దేశంలో ఇంతకంటే పనికిరాని నమూనా లేదు. వైకుంఠపాళిలో ఆడేవాడు నిర్ణయించేది ఏమీ లేదు. పాచిక ఎంత పడితే అంత. పైగా అది పాపపుణ్యాల పటం. ఐదు రూపాయల ప్యాకెట్ తిన్న పిల్లను పాము నోట్లో వేస్తే ఆమె నేర్చుకునేది సిగ్గుపడటం, దాచుకుని తినడం. దానికంటే వామనగుంటలు ఎంతో మేలు. ఒక్కో వైపు ఏడు గుంటలు, అంటే వారానికి ఏడు రోజులు. చేతిలోని చింతగింజలు వారం ఖర్చు. ఎక్కడ ఎన్ని గింజలు పంచాలో, ఏ గుంట నుంచి మొదలుపెడితే చివరికి ఏది నిండుతుందో ఆడేవాళ్లే లెక్కవేసుకోవాలి. సోమవారమే అన్నీ చిప్స్‌కు పోస్తే గురువారం గుంట ఖాళీ. నలుగురు గింజలు కలుపుకుంటే పావుకిలో శనగలు తెచ్చి గుడాలు చేయించుకోవచ్చు. ఇందులో తప్పొప్పుల తీర్పు లేదు, ఎంపిక ఉంది. ఫోన్ అక్కర్లేదు గనుక ‘మళ్లీ తెరేనా’ అనే తల్లిదండ్రుల అభ్యంతరానికీ చోటుండదు. ప్యాకెట్ వెనుక సోడియం ఎన్ని మిల్లీగ్రాములో చదివి, రెండున్నరతో హెచ్చిస్తే ఉప్పు ఎంతో తెలుస్తుంది. రోజంతటికీ ఐదు గ్రాముల్లోపే అన్న పరిమితిలో అది ఎంత భాగమో చూడటం ఏడో తరగతి లెక్కే. గింజలు పంచే ముందు ఆ లెక్క ఒక ఎత్తుగా పెట్టవచ్చు.

పేదింటి పిల్లలకు ఎంపిక ఎక్కడిది అని అడగడం న్యాయమే. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21 లెక్కల్లో తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉంది. ఆటతో రక్తం పట్టదు. 2024లో పోషకాహార సంస్థ విడుదల చేసిన మార్గదర్శకాలు రోజంతా 2,000 కేలరీలు తినే మనిషికి 400 గ్రాముల కూరగాయలు సూచించాయి. మధ్యాహ్న భోజన నిబంధనల్లో ప్రాథమికోన్నత తరగతి పిల్లవాడికి ఉన్నది 75 గ్రాములు. మిగతాది ఇంట్లోనే తినాలి, ఇంట్లో వండేది వచ్చే కూలిని బట్టి ఉంటుంది. పండించిన ఊళ్లోనే ఆకుకూర అమ్మకానికి పోయి, ఇంట్లో పచ్చడి మెతుకులు మిగిలే రోజులుంటాయి. దానికి పిల్లల్ని బాధ్యుల్ని చేసే ఆట అన్యాయమైన ఆట. అందుకే ఆట పరిధి పిల్లల చేతిలో నిజంగా ఉన్న ఆ కొద్ది డబ్బులకు, ఆ పది నిమిషాలకు మించకూడదు.

చట్టం చేయాల్సిన పనికి ఆటను అడ్డుపెడుతున్నారు అనేది ఇంతకంటే గట్టి అభ్యంతరం. చిలీ 2016లో ఉప్పు, చక్కెర ఎక్కువైన ప్యాకెట్ల మీద నల్లటి హెచ్చరిక ముద్రలు వేయించి, బడుల్లో వాటి అమ్మకం ఆపింది. మనకూ చట్టం లేకపోలేదు. ఆహార భద్రత సంస్థ 2020 నిబంధనల ప్రకారం కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువున్న పదార్థాలను బడి ఆవరణలోనూ, గేటు నుంచి 50 మీటర్ల లోపూ అమ్మకూడదు. ఆట చట్టానికి బదులు కాదు, కానీ చట్టం ఉందని బయటపెట్టగలదు. టేపు పట్టుకుని గేటు నుంచి 50 మీటర్లు కొలవడమే ఆటలో ఒక అంకం ఎందుకు కాకూడదు? అయితే ఆ కొలత కిరాణా దుకాణం మీద దాడిగా మారకూడదు. ఆ దుకాణదారు కూడా ఇదే బడిలో చదివే పిల్ల తండ్రి కావచ్చు. పల్లీ పట్టీలు, ఉడికించిన మక్క కంకులు, జామకాయలు అదే ధరకు అతని దగ్గరే దొరికేలా చూడటం పంచాయతీ, మహిళా సంఘాలు తలచుకుంటే అయ్యే పని.

ఇక ఫలితాన్ని ఎలా కొలవాలన్నది మిగిలింది. క్విజ్ మార్కులతో వద్దు. ఆటకు ముందు, ఆట జరుగుతుండగా, ఆట ఆగిన మూడు నెలలకు ఆ దుకాణంలో రోజుకు ఎన్ని ప్యాకెట్లు, ఎన్ని పట్టీలు అమ్ముడుపోయాయో లెక్క తీయాలి. భోజనం తర్వాత బకెట్లో ఎంత కూర పారబోశారో తూయాలి. కష్టమైన కొలతలే. కానీ పరిశోధన అనే మాటకు తగిన కొలతలు ఇవే. ఆట గీయబోయే విద్యార్థులకు ఒక మనవి: కోడ్ రాయకముందు, అట్ట కత్తిరించకముందు, బడి వదిలే వేళకు ఆ దుకాణం ముందు ఒక వారం పాటు పుస్తకం పట్టుకుని నిలబడండి. తర్వాత మొదటి నమూనాను ఏడో తరగతి పిల్లల చేతికివ్వండి, నియమాలు మార్చే హక్కుతో సహా.